ప్రింటరు మరమ్మత్తుకు బొట్టు పెట్టి పిలిచిన విధానము

అక్టోబరు 6, సోమవారం

ఇంట్లో ఉన్న ఏ యంత్రమైనను శబ్దము చేయనారంభించినచో వెంటనే మూత తెరిచి చూడరాదు. అట్లు చూచుట తొందరపాటు. ముందుగా శబ్దము కలదని నిర్ధారించవలెను. పిమ్మట అది పక్కింటిది కాదని నిర్ధారించవలెను. తదుపరి శబ్దము పుట్టిన పరిస్థితులను లిఖితపూర్వకముగా నమోదు చేసి, మరునాడు తీరికగా చదివి, అప్పటికిని తగ్గనిచో మాత్రమే మరమ్మత్తు అను మాట ఎత్తవలెను. ఈ డైరీ అందుకొరకే తెరవబడినది. ఇందులో ప్రింటరుకు సంబంధించిన విషయములు తప్ప మరేమియు వ్రాయబడవు.

శబ్దం ఉంది. హాలులో కిటికీ పక్కన టేబుల్ మీద ఉన్న ప్రింటరుదే. కాగితాన్ని వెనుక నుంచి లోపలికి లాక్కునేటప్పుడు కిర్రుమంటుంది, లోపల కాసేపు కటకటమంటుంది, బయటికి వదిలేటప్పుడు మూలుగుతుంది. ఒక బడి వారి ఆరో తరగతి సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రం ముద్రిస్తుండగా నా భార్య పద్మలత వంటింట్లోంచి అడిగింది.

"ఏందండీ ఆ మోత? లోపట ఎవలన్న కూసొని పల్లీలు నములుతాండ్రా?"

విచారణ జరుగుతున్నదని చెప్పాను.

యంత్రానికి మూడేళ్లు. ఈ వయసులో రావలసిన శబ్దం కాదు. నా మోకాలికి యాభై నాలుగేళ్లు. అది ఇంతకంటే మర్యాదగా శబ్దం చేస్తుంది.

అక్టోబరు 7

చదివాను. శబ్దం తగ్గలేదు.

అక్టోబరు 9

పై పోర్షన్‌లో ఉండే రెబెకా సిస్టర్ దిగి వచ్చింది. నర్సుగా రిటైరైనా నడకలో ఇంకా వార్డు రౌండ్లే. చేతిలో స్టీలు డబ్బా.

"రాజమన్నా, గిర్నీ పెట్టినవంట కదా. కిలో జొన్నలు తెచ్చిన. జర మెత్తగ పట్టు."

ఇది పిండి మర కాదనీ, ముద్రణ యంత్రమనీ తెలియజేశాను.

"గట్లనా? పొద్దుగాల సంది మోతనే ఇనవడుతాంది, కాయితం కనవడ్తలేదు. పిండన్న వస్తదేమోనని తెచ్చిన."

పద్మలత గోడకు ఆనుకొని నవ్వింది. ఇంటి మనిషి ఇలా ప్రతిపక్షంలో కూర్చోవడం నియమావళికి విరుద్ధం. రెబెకా సిస్టర్ వెళ్తూ వెళ్తూ, "సుదర్శన్ అన్నను పిలువరాదు? షాపుల అన్ని మిషన్లు గాయిన్నే చూసేటోడు గదా" అన్నది. మూడు కొటేషన్లు లేనిదే ఎవరినీ పిలవడం కుదరదని చెప్పాను.

సుదర్శన్ ప్రింటరుకు సంబంధించిన విషయం కాదు. అయినా పూర్వాపరాల నిమిత్తం ఒక పేరా మంజూరు చేస్తున్నాను.

హన్మకొండ చౌరస్తాలో, మేడమెట్ల పక్కన, రేకుల గది. మిత్ర టైప్ ఇన్‌స్టిట్యూట్. అతనూ నేనూ. పన్నెండు టైపు మిషన్లు. పొద్దున ఆరింటి బ్యాచిలో పన్నెండు మంది ఒకేసారి కొట్టడం మొదలుపెడితే రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఉండేది. వరుస చివర టింగుమని గంట. పన్నెండు గంటలూ ఒక్కసారి మోగవు, ఒకదాని వెనక ఒకటి మోగుతాయి. బయట చాయ్ కొట్టు దగ్గర నిలబడి సుదర్శన్ అక్కడి నుంచే అరిచేవాడు: "ఏడో నంబర్! కీలు చూసుకుంట కొడుతానవ్, తల ఎత్తు!" లోపల ఏడో నంబరు పిల్ల ఉలిక్కిపడి తల ఎత్తేది. చూడకుండా ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మరొక పేరా మంజూరు.

పని విభజన స్పష్టంగా ఉండేది. అక్షరం నాది, యంత్రం అతనిది. తప్పు అక్షరం పడితే నన్ను తిట్టాలి, తప్పు శబ్దం వస్తే అతన్ని. నేను ఆఫీసుల ఉత్తరాలు కొట్టీ కొట్టీ, పద్మలతకు పెళ్లికి ముందు రాసిన ఉత్తరంలో కూడా పైన 'విషయము', 'సూచిక' పెట్టానని అతను ఇప్పటికీ— చెప్పేవాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పెండ్లి కార్డులు వచ్చాయి. జిల్లాలో సగం పెండ్లిళ్లకు కార్డులు మావే. అక్షరాలు నేను పేర్చేవాణ్ని. నాలుగు మూలలా పసుపు అతను పెట్టేవాడు, ఎడమచేతి ఉంగరం వేలితో, ఈల వేస్తూ. పసుపు తడి ఆరేదాకా గది నిండా కార్డులు పరిచి ఉంటే మేము గోడ అంచు వెంట కాలు కాలూ పెట్టి నడిచేవాళ్లం.

లాక్‌డౌన్ తర్వాత షట్టరు దించాం. నేను ఇంట్లో ప్రింటరు పెట్టుకున్నాను. అతను తమ్ముడి ఎలక్ట్రికల్ కొట్లో కూర్చున్నాడు. ప్రతి నెలా రెండో శనివారం వచ్చి ప్రింటరు మూత తుడిచి, చెవి పెట్టి విని, "మంచిగున్నది" అని, చాయ్ తాగి పోయేవాడు. అది మంచిగానే ఉండేది.

మంజూరైన పేరాలు అయిపోయాయి.

అక్టోబరు 11

రెండో శనివారం. ఎవరూ రాలేదు. ఈ మాట ప్రింటరును ఉద్దేశించి వ్రాస్తున్నాను.

టేబుల్ అద్దం కింద దసరా నాటి జమ్మి ఆకు ఉంది. ఇవ్వవలసిన వారికి ఇవ్వలేదు. ఈసారి యంత్రపూజ కూడా ఒక్కడినే చేశాను. మంత్రం ఎప్పుడూ నాదే; అక్షింతలు వేసే శాఖకు ఈ ఏడు పూర్తి అదనపు బాధ్యతలు నేనే వహించాను. లోటు రానివ్వలేదు. ధారాళంగా వేశాను.

అక్టోబరు 13

మెకానిక్ రాంప్రసాద్ వచ్చాడు. మొదటి కొటేషన్.

"అంకుల్, దీని లోపటి రోలర్ ఖతమైంది. ఇప్పితెనే తెలుస్తది."

"ముందు వినవా?"

"ఏం వినాలె అంకుల్?"

చెవి ఆనించకుండా స్క్రూడ్రైవరు తీశాడు. సాంకేతిక అర్హత లేనందున తిరస్కరించాను. చాయ్ ఇచ్చి పంపాను. అతను మెట్లు దిగుతూ ఫోన్‌లో ఎవరితోనో, "ఆయన మిషన్ చూయిస్తలేడన్నా, ఇంటర్వ్యూ చేస్తాండు" అనడం వినిపించింది.

అక్టోబరు 15

ఈ రోజు పద్మలత సూటిగా అడిగింది.

"సుకన్య పెండ్లికి ఎందుకు పోలేదో ఎండాకాలం సంది అడుగుతాన. ఇయ్యాలన్న చెప్పుండ్రి."

సుదర్శన్‌కు ఒక్కతే బిడ్డ, సుకన్య. మా ఇన్‌స్టిట్యూట్‌లో టైప్ మిషన్ల మధ్య పాకిన పిల్ల. ఆ పిల్ల పెండ్లికి మేము పోలేదు. కారణం లిఖితపూర్వకముగా: ఆహ్వానము సరియైన పద్ధతిలో అందలేదు.

ఫోన్‌కు వచ్చింది. అందులో పువ్వులు పై నుంచి కిందికి రాలుతూ దేనికీ తగలకుండా మాయమవుతున్నాయి. వెనక సన్నాయి. వేల కార్డులకు పసుపు పెట్టిన చేయి ఉన్న ఇంటి నుంచి, వాటికి అక్షరం పేర్చిన నాకు, పసుపు లేని పిలుపు. గుమ్మంలోకి వచ్చి పద్మలతకు బొట్టు పెట్టి ఎవరైనా పిలుస్తారని ముహూర్తం ముందు రోజు దాకా చూశాను. ముహూర్తం రోజున ప్రింటరు తుడుస్తూ కూర్చున్నాను. అతను ఫోన్ చేయలేదు. అప్పటి నుంచి రావడం లేదు.

"మనల్ని గూడ పిలువాల్నా? మనమే పిలుపులకు పోవాల్సినోళ్లం" అన్నది పద్మలత.

ఇది ప్రింటరుకు సంబంధించిన విషయం కాదు.

(పెండ్లి అయిన ఆ వారంలో చౌరస్తాలో కనబడిన ప్రతివాడూ నా ఆరోగ్యం గురించి అడిగాడు. ఒకాయన అరటిపండ్లు కూడా చేతిలో పెట్టాడు. ముఖం అంత పీక్కుపోయిందేమో. ఎందుకో తెలియలేదు.)

అక్టోబరు 20

దీపావళి. బయట టపాసులు, లోపల ప్రింటరు. ప్రింటరు నెగ్గింది.

అక్టోబరు 29

తుఫాను వాన. కరెంటు లేదు. ప్రింటరు నిశ్శబ్దం. హంటర్ రోడ్డు వైపు ఇండ్లల్లోకి నీళ్లు వచ్చాయంటున్నారు. సుదర్శన్ ఇల్లు అటే. ఇది ప్రింటరుకు సంబంధించిన విషయం కాదు.

అక్టోబరు 30

ఇంకు కొనుటకై హంటర్ రోడ్డు వైపు వెళ్లాను. అటు ఇంకు దొరికే దుకాణాలు లేవు. ఉన్నవన్నీ మా ఇంటి పక్కనే ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అతని గల్లీ చివర దాకా వెళ్లి, అక్కడ ఇంకు దొరకదని స్వయంగా నిర్ధారించుకున్నాను. అతను గుమ్మంలో చీపురుతో నీళ్లు బయటికి తోస్తున్నాడు. ఎడమచేత్తో. తోస్తూ ఈల వేస్తున్నాడు. ఇల్లు నిలబడే ఉంది.

తిరిగి వచ్చాను. పద్మలత నా తడిసిన ప్యాంటు చూసింది. వేడినీళ్లు పెట్టింది.

నవంబరు 2

రెండో కొటేషన్ రాలేదు, మూడోది రాలేదు. కావున బహిరంగ టెండరు పిలవాలని నిర్ణయించి ప్రకటన తయారు చేశాను. ముద్రించేటప్పుడు ప్రింటరు విపరీతంగా కటకటలాడింది. అయినా బయటికి వచ్చింది.

ప్రకటన సారాంశం ఇది. శబ్దము చేయుచున్న ముద్రణ యంత్రమును బాగుచేయుటకు అర్హులైన వారు కావలెను. యంత్రమును ముట్టక మునుపు దానికి చెవి ఆనించు అలవాటు ఉండవలెను. ఎడమచేతి వాటము తప్పనిసరి. పనిచేయునప్పుడు ఈల వేయవలెను. ఆ ఈల ఏ పాటకును సరిపోలరాదు. చాయ్‌లో చక్కెర డాక్టరు వద్దన్నప్పటికిని వేసుకొనువారై ఉండవలెను. హన్మకొండ చౌరస్తాలో ఇరవై యేండ్లకు తక్కువ గాని అనుభవము గలవారికి ప్రాధాన్యము.

పద్మలత నిలబడి చదివింది. మళ్లీ చదివింది.

"గిన్ని షరతులు రాసేకన్న పేరు రాస్తె ఒక్క లైనుల ఒడిసిపోతుండె గదా."

టెండరులో పేరు రాయకూడదని ఆమెకు తెలియదు.

నవంబరు 3

ఘోరం జరిగింది. పద్మలత ఆ ప్రకటనను ఫోన్‌లో ఫోటో తీసి సుదర్శన్‌కు వాట్సాప్‌లో పంపింది. సాయంత్రం అతను ఆమెకు ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది. ఎండాకాలం తర్వాత ఆ గొంతు ఇప్పుడే వినడం. నేను కాగితాలు సర్దుతున్నాను.

"చెల్లె, గిదేందో ఫోన్ల వచ్చింది. మా ఇంటికి సరియైన పద్ధతిల పిలుపు రాలేదమ్మా. పసుపు పెట్టిన కాయితం చేతికియ్యాలె, బొట్టు పెట్టి పిలువాలె. గట్లయితేనే వస్త. నేను గూడ నియమాలు ఉన్నోన్నే అని ఆయనకు చెప్పు."

"ఆయన ఈన్నే ఉన్నడన్నా, ఇంటాండు."

"ఇననియ్యి. అందుకే గట్టిగ చెప్పుతాన."

పెట్టేశాడు.

అతని అభ్యంతరంలో సాంకేతికంగా ఏ లోపమూ కనిపించలేదు. చాలాసేపు వెతికాను.

నవంబరు 5

కార్తీక పౌర్ణమి. కార్డు నేనే పేర్చాను. 'మా గృహమునందు ది. 8-11, శనివారము ఉదయము పది గంటలకు ప్రింటరు మరమ్మత్తు జరుపుటకు పెద్దలు నిశ్చయించినారు గావున, తామెల్లరు సకుటుంబముగా విచ్చేసి...' పాత కార్డుల అక్షరమే వాడాను. ఒక్క కార్డు. ప్రింటరు దాన్ని కొరుకుతూ, మూలుగుతూ, ఆగి ఆగి కన్నది. నాలుగు మూలలా పసుపు పెట్టాను. పెట్టడం ఇంత కష్టమని తెలియదు. వేలి నుంచి పసుపు కార్డుకు పోవడం లేదు, అంగీకి పోతున్నది.

పద్మలత కుంకుమ భరిణె తీసుకుంది. ఇద్దరం ఆటోలో హంటర్ రోడ్డు. గోడల మీద వరద గీత ఇంకా తడిగానే ఉంది. తలుపు తీసింది సుదర్శన్ భార్య శోభారాణి. నా ముఖం చూసింది, పద్మలత చేతిలో భరిణె చూసింది, లోపలికి తిరిగి కేకేసింది.

"ఏమయ్యో, ఎవలో పిలుపులకొచ్చిండ్రు!"

పద్మలత ఆమెకు బొట్టు పెట్టింది. ఎక్కడా నవ్వలేదు. ఇటువంటి సమయాల్లోనే ఆమె నిజమైన అధికారి.

"వదినా, శనివారం మా ఇంట్ల ప్రింటర్ రిపేరున్నది. ఇంటిల్లిపాది రావాలె."

"అయ్యో, తప్పక. భోజనాలున్నయా వదినా?"

"ఉన్నయి."

"మరి మేము ఎవల దిక్కు చుట్టాలం? మెకానిక్ దిక్కా, ప్రింటర్ దిక్కా?"

సుదర్శన్ బయటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. కార్డు అందుకున్నాడు. నన్ను చూడలేదు, కార్డులో అక్షరాలు చూడలేదు. మూలలు చూశాడు.

"పసుపు ఎవలు పెట్టిండ్రు?"

"నేనే."

"గింత దొడ్డుగనా? ఎండితే రాలుతది."

"ఆ పని నాది కాదు" అన్నాను. "నీది."

అతను ఒక మూల గోటితో గీకి సరిచేశాడు. లోపలికి వెళ్లిపోయాడు. వస్తానని అనలేదు. శోభారాణి చాయ్ తాగి పొమ్మన్నది. పిలుపులకు పోయినవారు ప్రతి ఇంట్లో చాయ్ తాగితే ఊరు ముగియదని పద్మలత చెప్పింది. మాకు ఉన్నది ఈ ఒక్క ఇల్లే.

నవంబరు 7

వస్తాడా అనేది ప్రింటరుకు సంబంధించిన విషయమే.

నవంబరు 8, శనివారం

వచ్చాడు. భుజం మీద తువ్వాల. వెనక శోభారాణి. పది గంటలకు ఇంకా చాలా ముందే. పద్మలత పప్పు కూడా పొయ్యి మీద పెట్టలేదు.

ప్రింటరు దగ్గరికి వెళ్లి చెవి ఆనించాడు. "ఒక కాయితం కొట్టు" అన్నాడు. కొట్టాను. కిర్రు, కటకట, మూలుగు. కళ్లు మూసుకొని విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"దసరాకు పూజ చేసినవా?"

"చేసిన."

"అక్షింతలు ఎవలు వేసిండ్రు?"

"నేనే వేసిన. నీ శాఖ ఖాళీ ఉండె గదా."

"ఎనుక నోరు మూసి వేసినవా, తెరిచి వేసినవా?"

కాగితాలు పెట్టే నోరు గురించి అడుగుతున్నాడు. "తెరిచే. ఆశీర్వాదం లోపటిదాక పోవాలె గదా."

అతను దినపత్రిక పరిచాడు. ప్రింటరును ఎత్తి, పాలు తాగిన పసిబిడ్డను భుజాన వేసుకున్నట్టు వేసుకొని, వీపు మీద మెల్లగా చరిచాడు. జలజలమని రాలాయి. పసుపు పచ్చని బియ్యం. కొన్ని నలిగి పిండి అయ్యాయి. గిర్నీ విషయంలో రెబెకా సిస్టర్ అంచనా సరైనదేనని ఇక్కడ నమోదు చేయక తప్పడం లేదు.

"అయ్యో, కుంచెడు పోసినట్టుండ్రు!" అన్నది శోభారాణి.

"పతి దసరాకు నువ్వు కండ్లు మూసుకొని మంత్రం సదువుతుంటే, నేను మిషన్ల మీద తువ్వాల కప్పి అక్షింతలు వేసేది రా" అన్నాడు సుదర్శన్. "మొదటి ఏడు ఒక గింజ ఇరికి మూడో నంబర్ మిషన్ల కీ లేవలే. అప్పటి సంది కప్పుతాన. నువ్వు కండ్లు తెరిచేసరికి తువ్వాల నా భుజం మీదుండేది."

నవ్వబోయాను. అతను నవ్వడం లేదు. గింజలు ఒక్కొక్కటీ ఏరి ఎడమ అరచేతిలో వేసుకుంటున్నాడు.

"ఇయ్యి నా బిడ్డ నెత్తిమీద పడాల్సినయి. తీస్కపోయి మిషన్ నోట్లె పోసినవ్."

నేను దినపత్రిక అంచు సరిచేశాను.

"పిలువలేదు గదరా" అన్నాను. అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

"ఫోన్ల వచ్చింది సుకన్య పంపినది. దాని ఫోన్ల ఉన్నోళ్లందరికీ ఒక్కసారే కొట్టింది. నల్లా బాగుచేసేటాయనకు గూడ పోయింది. నిన్ను పిలుసుడేందిరా? పిలువాల్సినోళ్ల పేర్లు రాసుకున్నప్పుడు అండ్ల నీ పేరు లేదు. నా పేరున్నదా మరి? పందిరి గేటుకాడ నీకని కుర్చీ వేయించిన. వచ్చినోళ్లకు దండం పెట్టి కూసోబెట్టే పని నీదని. ఆ కుర్చీల ఎవ్వల్ని కూసోనియ్యలే. వచ్చినోడల్లా రాజం ఏడి, రాజం ఏడి అంటాండు. ఏం చెప్పాలె? దవాఖానల ఉన్నడని చెప్పిన."

అరటిపండ్లు. ఇప్పుడు అర్థమైంది.

"ఏం రోగమని చెప్పినవ్?"

"కడుపుల మంట అని చెప్పిన."

పద్మలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ బయటికి చూడవలసి వచ్చింది. కిటికీ బయట ఏమీ లేదు.

నవంబరు 9

సుకన్య, అల్లుడు వచ్చారు. సుదర్శన్ నిన్న ఏరిన గింజలను కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. కొన్నింటికి నీలం ఇంకు అంటి ఉంది. వేరే బియ్యం కలుపుతానని పద్మలత అంటే, "ఇయ్యే" అన్నాడు. పిల్లలిద్దరూ ముందుకు వంగారు. అలవాటు కొద్దీ నా కళ్లు మూతలు పడుతుంటే అతను మోచేత్తో పొడిచాడు.

"కండ్లు తెరిచి వెయ్యి. తువ్వాల కప్పకు, ఇది మిషన్ కాదు."

తెరిచే వేశాను. చూశాను. ఒక గింజ సుకన్య పాపిట్లో నిలిచింది.

"కాకా, ఇంకు అంటింది."

"ఉండనియ్యి బిడ్డా" అన్నాను. "ముద్ర పడ్డది."

భోజనాల తర్వాత ప్రింటరు మీద ఒక కాగితం కొట్టి చూశాం. శబ్దం లేదు. కాగితం లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. గోడ గడియారం వినిపించేంత నిశ్శబ్దం. ఈ గది ఇంత పెద్దదని ఇప్పుడే తెలిసింది. సుదర్శన్ మూత తుడిచి, చెవి పెట్టి, "మంచిగున్నది" అన్నాడు. తర్వాత తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ, ప్రింటరు వైపు చూస్తూనే అన్నాడు:

"ఇగ ఈడ నాకు పనేం లేదు."

నియమావళిలో దానికి జవాబు లేదు. అతను టేబుల్ అద్దం పైకెత్తి, కింద ఎండిన జమ్మి ఆకు తీసి, ఎవరినీ అడగకుండా జేబులో వేసుకొని మెట్లు దిగాడు. ఈల వినిపించింది. ఏ పాటా కాదు.

నియమావళిలో లేనందున ఇప్పుడు చేర్చడమైనది.

ఉత్తర్వు. ప్రతి నెల రెండవ శనివారము ఉదయము పది గంటలకు ఈ ఇంటి ప్రింటరు తప్పనిసరిగా చెడిపోవలెను. ఆనాడు అది సక్రమముగా పనిచేయుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును. అవసరమైనచో లోపల అక్షింత గింజ, ఒకటి మాత్రమే, వేయుటకు పద్మలతకు అధికారము ఇవ్వనైనది. ఈ ఉత్తర్వు అంతిమము. దీనిపై ప్రింటరుకు అప్పీలు హక్కు లేదు.